1942: తెలుగు తీరానికి నమ్మకం పోయిన వేసవి



1942 ఏప్రిల్ 6, సోమవారం. ఆ రోజు పట్టపగలు జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేసి వెళ్ళిపోయాయి. వాటిని పంపింది ర్యూజో అనే చిన్న విమాన వాహక నౌక. వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో జపాన్ నౌకాదళం ఒకటి ఆ వారం బంగాళాఖాతంలో సరుకు ఓడల్ని వేటాడింది. కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా ఓడలు సముద్రం పాలయ్యాయి.

యుద్ధ చరిత్ర గ్రంథాల్లో విశాఖ దాడికి ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. పోయిన ప్రాణాలు కొద్ది. రేవుకు జరిగిన నష్టమూ పెద్దది కాదు. జపాన్ సైన్యం మన తీరంలో అడుగు పెట్టనే లేదు. అయినా ఆ దెబ్బతో తీరం పొడుగునా జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకు బయలుదేరారు. ఈ తీరం, అంటే ఉత్తర సర్కారులు, ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చి అప్పటికి నూట డెబ్బై ఏళ్ళు దాటింది. దొరతనం మంచిదని కొందరు, చెడ్డదని చాలామంది అనుకున్నారు గానీ, అది గట్టిది కాదేమోనన్న అనుమానం మామూలు రైతుకు వచ్చిన సందర్భాలు తక్కువ. 1942 వేసవిలో ఆ అనుమానం వచ్చింది. వచ్చినది మళ్ళీ పోలేదు.

ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఆ వేసవి గురించే. యుద్ధంలో ఒక మలుపు వచ్చినప్పుడు జనం మనసు ఎందుకు తిరుగుతుంది? ఓడిపోయినందుకేనా? చరిత్ర చదివిన కొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఏమిటంటే, ఓటమిని జనం ఓర్చుకుంటారు. తమను నట్టేట వదిలి వెళ్ళినవాళ్ళనూ, ఆ సంగతి దాచి అబద్ధం చెప్పినవాళ్ళనూ మాత్రం ఓర్చుకోరు. ఈ మాటకు ఆనాటి మన తీరమే సాక్ష్యం.

కథ విశాఖలో మొదలు కాలేదు. నాలుగు నెలల ముందు మలయాలో మొదలైంది. 1941 డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. దాదాపు అదే గడియల్లో మలయా తీరాన కోటభారు దగ్గర సైన్యాన్ని దించింది. డిసెంబరు 10న బ్రిటిష్ నౌకాదళానికి తలమానికమైన ప్రిన్స్ ఆఫ్ వేల్స్, దానితోపాటు రిపల్స్ అనే మరో యుద్ధనౌక, రెండూ జపాన్ విమానాల దెబ్బకు మునిగిపోయాయి. సముద్రాల మీద తమకు ఎదురు లేదని చెప్పుకున్న రాజ్యానికి అది పెద్ద దెబ్బే. అయినా అంతవరకూ అది ఓటమి మాత్రమే. ఆ తర్వాత వారం తిరక్కుండా పెనాంగ్ దీవిలో జరిగింది వేరు.

పెనాంగ్ మీద బాంబులు పడుతున్నాయి. అక్కడి యూరోపియన్లను గుట్టుచప్పుడు కాకుండా ఓడలెక్కించి పంపించేశారు. దీవిలో మిగిలిన మలయావాళ్ళకూ, చైనావాళ్ళకూ, మనవాళ్ళకూ పాలించేవాళ్ళు లేరన్న సంగతి ఓడలు కదిలిపోయాక గానీ తెలియలేదు. తర్వాత బ్రిటిష్ మంత్రి డఫ్ కూపర్ సింగపూర్ రేడియోలో మాట్లాడుతూ, పెనాంగ్ నుంచి చాలామందిని క్షేమంగా తరలించగలిగామన్న అర్థం వచ్చేలా చెప్పాడు. ఆ చాలామంది ఎవరో వింటున్నవాళ్ళకు తెలుసు. మిగిలిపోయినవాళ్ళు ఎవరో కూడా తెలుసు. ఒక్క ప్రసంగం ఎంత నమ్మకాన్ని పోగొట్టగలదో, రేడియోలో మాట్లాడే ఎవరమైనా గుర్తుంచుకోవలసిన సంఘటన అది.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. జనరల్ పెర్సివల్ జనరల్ యమషిటాకు లొంగిపోయాడు. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్కు మైదానంలో నలభై వేల మందికి పైగా భారతీయ సైనికుల్ని సమావేశపరిచారు. బ్రిటిష్, ఆస్ట్రేలియా సైనికుల్ని ముందే వేరు చేసి మరో చోటికి పంపారు. ఇకనుంచి మీరు జపాన్ అధికారుల ఆజ్ఞలు పాటించాలని ఒక బ్రిటిష్ అధికారి చెప్పి, వాళ్ళను అప్పగించి వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి ఆ జెండా కింద పనిచేసిన సిపాయిలకు దక్కిన వీడ్కోలు అది. అదే మైదానంలో కెప్టెన్ మోహన్ సింగ్ లేచి మాట్లాడాడు. ఆజాద్ హింద్ ఫౌజుకు బీజం అక్కడ పడింది.

ఫిబ్రవరి 19న బెర్లిన్ నుంచి సుభాష్ చంద్రబోస్ గొంతు రేడియోలో వినిపించింది. ఏడాదికి పైగా ఎక్కడున్నాడో ఎవరికీ తెలియని మనిషి, సింగపూర్ పడిన నాలుగో రోజున తన పేరు చెప్పుకుని మాట్లాడాడు. అప్పటికి మన దేశం మొత్తం మీద రేడియో లైసెన్సులు రెండు లక్షలకు లోపే. కానీ ఒక ఇంట్లో విన్నది తెల్లవారేసరికి బజారంతా తెలిసేది. యుద్ధకాలంలో రేడియో విన్నవాడే విలేఖరి.

సింగపూర్ పతనం పేపర్లలో చదివిన వార్త. రంగూన్ సంగతి అలా కాదు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో రంగూన్‌ని రంగం అనేవారు. రంగం వెళ్ళిన మనిషి లేని ఊరు తీరంలో అరుదు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైగా ఉన్నారు. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలు లాగింది, వీధులు ఊడ్చింది చాలావరకు మనవాళ్ళు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్ళను అక్కడ కోరంగీలు అనేవారు. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, అది చివరికి బర్మావాళ్ళకూ తెలుగువాళ్ళకూ మధ్య రక్తపాతంగా మారింది. అంత కష్టంలోనూ మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ ఓడెక్కారంటే, ఇక్కడ కూలి దొరకని బాధ ఎలాంటిదో అర్థమవుతుంది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటి బాంబుదాడి జరిగింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆకాశంలో జరుగుతున్న విమానాల పోరును వీధుల్లో నిలబడి చూస్తున్న జనం మీదే బాంబులు పడ్డాయి. చచ్చినవాళ్ళలో రేవు కూలీలు ఎందరో. మర్నాటి నుంచే జనం ఊరు విడవడం మొదలుపెట్టారు. కూలీలు పోతే రేవు ఆగిపోతుంది, రేవు ఆగిపోతే యుద్ధ సామగ్రి దిగదు. అందుకని ప్రభుత్వం పనిచేసే వయసున్న భారతీయ మగవాళ్ళు డెక్కు ప్రయాణికులుగా ఓడెక్కకుండా ఆంక్షలు పెట్టింది. పై తరగతి టిక్కెట్టు కొనగలిగినవాళ్ళు వెళ్ళారు. కొనలేనివాళ్ళు నడిచారు.

ఆ నడక గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1942 మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌లో ప్రవేశించేనాటికే లక్షల మంది దారిన పడ్డారు. కొందరు ప్రోమ్ దాకా వచ్చి, అక్కడి నుంచి కొండలు దాటి టౌంగప్ మీదుగా అరకాన్ తీరానికి చేరారు. ఆ దారిలో తాగునీళ్ళు లేవు. కలరా సోకితే సోకినవాళ్ళను అక్కడే వదిలి మిగతావాళ్ళు కదలాల్సి వచ్చింది. ఇంకొందరు మాండలే మీదుగా టాము దాటి మణిపూర్ వైపు నడిచారు. వానలు మొదలయ్యాక ఉత్తరాన హుకాంగ్ లోయలో చిక్కుకున్నవాళ్ళు బురదలోనే కూలిపోయారు. మొత్తం మీద నాలుగు లక్షల మందికి పైగా భారతీయులు బర్మా వదిలి వచ్చారని అంచనా. దారిలో పోయినవాళ్ళ లెక్క ఎవరూ సరిగా రాయలేదు. వేలల్లో పోయారు.

చావును మించి జనం మనసును కోసిన సంగతి ఇంకొకటుంది. మణిపూర్ వైపు వచ్చే దారుల్లో మంచి ఏర్పాట్లున్న దారి యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు, కష్టమైన దారి భారతీయులకు అన్న తేడా చూపించారని తిరిగొచ్చినవాళ్ళు చెప్పారు. ఆ మాట దేశమంతా పాకింది. ఏప్రిల్ చివర అలహాబాదులో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఈ వివక్షను ఖండిస్తూ ప్రత్యేకంగా తీర్మానం చేసింది.

తిరిగొచ్చినవాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం, సామర్లకోట స్టేషన్లలో దిగారు. ఒంటి మీద గుడ్డ తప్ప మరేం లేదు. వెళ్ళినప్పుడు నలుగురు వెళ్ళి ఇద్దరే వచ్చిన ఇళ్ళున్నాయి. ఇల్లు చేరిన ప్రతి మనిషీ ఆ ఊరికి ఒక వార్తాపత్రిక. ప్రభుత్వం పత్రికల్ని సెన్సారు చేయగలదు. పంచలో కూర్చుని తన బిడ్డ ఎక్కడ చచ్చిపోయిందో చెప్పే తల్లిని ఏ సెన్సారు ఆపగలదు?

ఈ సమయంలోనే బ్రిటిష్ మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్ లండన్ నుంచి రాజకీయ ప్రతిపాదన ఒకటి పట్టుకుని వచ్చాడు. మార్చి నాలుగో వారంలో ఢిల్లీ చేరాడు. యుద్ధం ముగిశాక స్వపరిపాలన ఇస్తామన్నారు. కాంగ్రెస్ నాయకులు మాత్రం ఇప్పుడు దేశరక్షణ ఎవరి చేతిలో ఉంటుందో చెప్పమన్నారు. రక్షణ శాఖ భారతీయ మంత్రికి ఎంతవరకు అప్పగిస్తారన్న దాని మీద రోజుల తరబడి చర్చలు సాగాయి. మార్చి 23న అండమాన్ దీవులు జపాన్ చేతికి చిక్కాయి. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి జరిగింది. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడ. ఢిల్లీలో రక్షణ మంత్రి అధికారాల మీద మాటలు నడుస్తుండగా, ఇక్కడ రక్షణ అనేది లేదని జనం కళ్ళారా చూశారు. ఏప్రిల్ 10న కాంగ్రెస్ ఆ ప్రతిపాదనను తిరస్కరించింది.

విశాఖ అప్పుడప్పుడే పెద్ద ఊరవుతోంది. కొత్త హార్బరు 1933లో మొదలైంది. 1941 జూన్‌లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్ర ప్రసాద్ పునాదిరాయి వేశారు. దేశీయ పెట్టుబడితో ఓడలు కట్టే చోటుగా ఆ ఊరు ఆశలు పెంచుకుంది. ఏడాది తిరక్కముందే బాంబులు పడ్డాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో చూడవచ్చు. దాడి తర్వాత ఎడ్ల బండ్ల మీదా, రైళ్ళ మీదా, కాలినడకనా జనం లోపలి ఊళ్ళకు పోయారు. చుట్టాలున్నవాళ్ళు చుట్టాల ఇళ్ళకు, లేనివాళ్ళు సత్రాలకు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు వైస్ ఛాన్సలరుగా ఉన్న కాలం అది. భవనాలు సైన్యానికి అవసరమయ్యాయి.

మద్రాసు అప్పటికి తెలుగువారికి కూడా రాజధాని. అక్కడ ఇంకా పెద్ద అలజడి రేగింది. జపాన్ నౌకాదళం మద్రాసు వైపు వస్తోందన్న తప్పుడు సమాచారం మీద ఆధారపడి, గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రభుత్వం ఊరు ఖాళీ చేయడం మొదలుపెట్టింది. హైకోర్టు కోయంబత్తూరుకు పోయింది. మరికొన్ని కార్యాలయాలు ఊటీకి, చిత్తూరు, మదనపల్లె వంటి ఊళ్ళకు పోయాయి. అత్యవసరమైన పని లేనివాళ్ళు ఊరు విడిచి వెళ్ళడం మంచిదని జనానికి చెప్పారు. బాంబులు పడి బోనులు విరిగితే ప్రమాదమని జంతు ప్రదర్శనశాలలో పులుల్నీ సింహాల్నీ కాల్చి చంపించారు. రైల్వే స్టేషన్లు కిక్కిరిసిపోయాయి. వారం పది రోజుల్లో సగం వీధులు బోసిపోయాయి.

తీరా జపాన్ ఓడలు రాలేదు. అప్పుడు జనం ఏమనుకున్నారు? హమ్మయ్య అనుకున్నారు. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. వస్తారేమో అన్న మాటకే సర్కారు కొండెక్కింది, నిజంగా వస్తే మన గతేమిటి? పెనాంగ్, రంగూన్, ఇప్పుడు మద్రాసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోవడానికి చదువు అక్కర్లేదు.

జనం ఇలా అనుకున్నారని మనకెలా తెలుసు, అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆనాడు మన దేశంలో అభిప్రాయ సర్వేలు లేవు. రాష్ట్ర ప్రభుత్వాలు పదిహేను రోజులకోసారి ఢిల్లీకి పంపిన రహస్య నివేదికలున్నాయి. అవి పాలకుల కంటితో చూసి రాసినవి. వాటికంటే నేను ఎక్కువగా నమ్మేది జనం డబ్బు విషయంలో ఏం చేశారన్నది. నోటితో చెప్పలేనిది మనిషి డబ్బుతో చెబుతాడు.

పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు సంగతి చూడండి. బడిపంతులు, గుమాస్తా, రైల్వే ఉద్యోగి, వితంతువు, ఇలాంటివాళ్ళు నాలుగు రూపాయలు దాచుకునే చోటు అది. సర్కారు ఉన్నంతకాలం మన డబ్బుకు ఢోకా లేదన్న నమ్మకమే దాని మూలధనం. జపాన్ యుద్ధంలోకి దిగిన నెలల్లో దేశమంతటా జనం ఆ ఖాతాల్లోంచి డబ్బు తీసుకోవడానికి బారులు తీరారు. తీసుకున్న నోట్లను వెండిగా మార్చుకోవాలని చూశారు. అప్పటికే 1940లో ప్రభుత్వం రూపాయిలో వెండి పాలు పన్నెండింట పదకొండు వంతుల నుంచి సగానికి తగ్గించింది. రూపాయి నోటు అచ్చువేసింది. పాత వెండి రూపాయల్ని ఒక్కో వరసనే చెలామణీ నుంచి తప్పిస్తూ వచ్చింది. జనం ఊరుకున్నారా? పాత రూపాయిని వేలితో మీటి చప్పుడు విని, మంచిదైతే గోడలో పెట్టుకున్నారు. చిల్లర కూడా మాయమైపోయింది. బండివాడికీ కూరలమ్మికీ ఇవ్వడానికి కానీలు దొరకలేదు. 1943లో సర్కారు రాగి ఆదా చేయడానికి నడుమ పెద్ద బెజ్జం పెట్టి కొత్త పైసా వేసింది. మన ఇళ్ళలో పాతపెట్టెల్లో ఇంకా కనిపించే చిల్లుకానీ అదే. దాన్ని చేతిలో పట్టుకున్నప్పుడు ఆ రోజుల భయం గుర్తుకు రావాలి.

బియ్యం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బర్మా నుంచి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం మన దేశానికి వచ్చేది. రంగూన్ పోవడంతో అది ఆగిపోయింది. ధరలు మండిపోయాయి. 1943లో బెంగాల్ కరువుకు అది ఒక కారణం. యుద్ధం ఎక్కడో జరుగుతోందనుకున్న గృహిణికి అది కుండలో కనిపించింది.

ఇక రాజకీయాల మాట. దేశం మొత్తం ఒకే తీరుగా ఆలోచించలేదు. కాంగ్రెస్ నాయకుడు రాజాజీ వాదన ఒకటి. తమదని అనుకోని ప్రభుత్వం కోసం జనం ప్రాణాలొడ్డరు, కాబట్టి ఎలాగైనా రాజీపడి జాతీయ ప్రభుత్వం ఏర్పాటు చేసుకుని జపాన్‌ను ఎదుర్కోవాలన్నారు. అందుకోసం ముస్లిం లీగు దేశ విభజన కోరికను సూత్రప్రాయంగా ఒప్పుకుందామని ఏప్రిల్ 23న మద్రాసు శాసనసభ్యుల చేత తీర్మానం చేయించారు. విశాఖ మీద బాంబులు పడి అప్పటికి పదిహేడు రోజులు. అలహాబాదులో దాన్ని పెద్ద మెజారిటీతో ఓడించారు. రాజాజీ కాంగ్రెస్ వదిలి బయటికి వచ్చారు.

గాంధీజీ మరో వైపు నడిచారు. దొరలు ఇక్కడ ఉండడమే జపాన్‌ను పిలవడమని, వెళ్ళిపొమ్మని చెప్పారు. జూలై 14న వార్ధాలో వర్కింగ్ కమిటీ చేసిన తీర్మానంలో ఒక మాట ఉంది. బ్రిటన్ మీద ద్వేషం వేగంగా పెరుగుతోందనీ, జపాన్ గెలుపుల పట్ల జనంలో సంతృప్తి కనిపిస్తోందనీ, ఇది ప్రమాదమనీ ఆ తీర్మానం చెప్పింది. మలయా, సింగపూర్, బర్మా అనుభవం ఇక్కడ జరగకూడదని కూడా చెప్పింది. జపాన్ వస్తే మంచిదని కాంగ్రెస్ అనలేదు. జనం మనసు ఎటు పోతోందో చూసి ఆందోళన పడింది. ఒక పాలన మీద నమ్మకం పోతే, దాన్ని కొట్టిన వాడు ఎవడైనా మంచివాడే అనిపిస్తుంది. ఆ స్థితి దేశానికి ఎంత చేటో ఆ నాయకులకు తెలుసు.

ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానం. ఆ లోపే ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ తరఫున కళా వెంకట్రావు గారి పేరుతో జిల్లాలకు ఒక సర్క్యులరు వెళ్ళింది. టెలిగ్రాఫు తీగలు తెంచడం, రైళ్ళలో గొలుసు లాగడం వంటివి అందులో ఉన్నాయి. పట్టాలు మాత్రం తొలగించవద్దని, ప్రాణహాని కూడదని హెచ్చరిక కూడా ఉంది. ఆ సర్క్యులరును ప్రభుత్వం తర్వాత కాంగ్రెస్ మీద సాక్ష్యంగా వాడుకుంది. ఆగస్టు 12న తెనాలిలో జనం రైల్వే స్టేషన్ తగలబెట్టారు. కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. వాళ్ళ జ్ఞాపకంగా అక్కడ రణరంగ చౌక్ నిలిచి ఉంది. ఆ కోపానికి వేళ్ళు చాలా లోతుగా ఉన్నాయి, నేను కాదనను. కానీ రాజ్యాన్ని ఎదిరించవచ్చు అన్న ధైర్యానికి మాత్రం ఆ వేసవి చాలా ఇచ్చింది.

కమ్యూనిస్టులు మూడో దారి పట్టారు. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడ్డాక ఇది ప్రజాయుద్ధమన్నారు. 1942 జూలైలో పార్టీ మీద నిషేధం తొలగింది. ఆంధ్ర పల్లెల్లో బుర్రకథ దళాలు ఫాసిజం మీద, తర్వాత బెంగాల్ కరువు మీద కథలు చెప్పాయి. బుర్రకథ కళాకారుడు నాజర్ గొంతు ఆ రోజుల్లోనే ఊరూరా మోగింది. 1943 ఫిబ్రవరిలో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర జర్మన్లు లొంగిపోయారన్న వార్త కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పార్టీ అభిమానులకు పండగ. అదే ఊళ్ళో పక్క వీధిలో కొడుకు జైల్లో ఉన్న కాంగ్రెస్ ఇంటికి ఆ వార్త ఏమీ కాదు. ఒకే యుద్ధం, ఒకే వార్త, రెండు మనసులు.

లక్షలాది మంది ఆ రోజుల్లోనే సైన్యంలో చేరారన్నది కూడా మరవకూడదు. యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం ఇరవై అయిదు లక్షలు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచీ పెద్ద సంఖ్యలో వెళ్ళారు. జీతం కోసం వెళ్ళిన మనిషికి రాజ్యం మీద నమ్మకం ఉండితీరాలని లేదు. కడుపు ఒకటి చెబుతుంది, మనసు ఇంకొకటి చెబుతుంది. ప్రజాభిప్రాయం గురించి మాట్లాడేవాళ్ళు ఈ రెంటినీ కలిపేయకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఓడిన ప్రతి ప్రభుత్వమూ జనం నమ్మకం పోగొట్టుకుంటుందా? లేదు. 1940 మే, జూన్‌లలో డన్‌కిర్క్ తీరం నుంచి అదే బ్రిటిష్ ప్రభుత్వం మూడు లక్షల ముప్పై ఎనిమిది వేల మంది సైనికుల్ని వెనక్కి తెచ్చుకుంది. ఫిరంగులు, లారీలు, ట్యాంకులు ఫ్రాన్స్‌లోనే వదిలేసింది. అది ఓటమే. చర్చిల్ పార్లమెంటులో నిలబడి, దీన్ని విజయమని అనుకోవద్దని, తరలింపులతో యుద్ధాలు గెలవరని తన ప్రజలకు సూటిగా చెప్పాడు. చిన్న చిన్న పడవలవాళ్ళు కూడా తమ సైనికుల్ని తెచ్చుకోవడానికి వెళ్ళారు. ఆ ఓటమి తర్వాత బ్రిటిష్ ప్రజలు మరింత గట్టిపడ్డారు. డన్‌కిర్క్‌లో తమవాళ్ళను తెచ్చుకున్నారు, తమవాళ్ళకు నిజం చెప్పారు. పెనాంగ్‌లో, రంగూన్‌లో తమవాళ్ళను మాత్రమే తెచ్చుకున్నారు, మిగతావాళ్ళకు కథలు చెప్పారు. తేడా అక్కడుంది.

రెండో సాక్ష్యం 1944 నాటిది. ఆ ఏడాది మార్చి నుంచి జూలై దాకా ఇంఫాల్, కొహిమా దగ్గర జరిగిన పోరులో జపాన్ సైన్యం ఘోరంగా దెబ్బతింది. యుద్ధపరంగా బర్మా రంగంలో అసలు మలుపు అదే. ఆ గెలుపులో భారతీయ సిపాయిల పాత్ర చాలా పెద్దది. మరి 1942లో పోయిన నమ్మకం తిరిగొచ్చిందా? రాలేదు. 1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు షా నవాజ్, సెహగల్, ధిల్లాన్‌ల మీద విచారణ మొదలైనప్పుడు, దేశమంతా ముద్దాయిల పక్షాన నిలిచింది. ఓడినవాళ్ళు వీరులయ్యారు, గెలిచిన సర్కారు బోనులో నిలబడింది. 1946 జనవరిలో వాళ్ళ శిక్ష రద్దు చేయక తప్పలేదు. ఫిబ్రవరిలో నావికుల తిరుగుబాటు బొంబాయిలో మొదలై విశాఖ రేవుకూ పాకింది. ఏప్రిల్ 30న టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు. యుద్ధం గెలిచిన రాజ్యం రెండేళ్ళలో దేశం వదిలి వెళ్ళింది.

ఇది మన ఒక్క దేశం కథ కాదు. 1968 జనవరి చివర వియత్నాంలో టెట్ పండగ వేళ వియత్‌కాంగ్ దళాలు పట్టణాల మీద ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. సైనికంగా అవి చాలా నష్టపోయాయి. కానీ యుద్ధం గెలిచేస్తున్నామని అంతకు రెండు నెలల ముందే అమెరికా సేనాధిపతి దేశానికి చెప్పి ఉన్నాడు. టీవీలో సైగాన్ రాయబార కార్యాలయం ఆవరణలో కాల్పులు చూసిన జనానికి ఆ మాట అబద్ధమని తేలింది. మార్చి 31న అధ్యక్షుడు జాన్సన్ మళ్ళీ పోటీ చేయనని ప్రకటించాడు. అక్కడ కూడా జనాన్ని తిప్పింది దాడి తీవ్రత కంటే, విన్నదానికీ చూసినదానికీ మధ్య ఉన్న దూరం.

శ్రోతలారా, ఈ చరిత్ర నుంచి ఈనాటి మనం తీసుకోవలసింది ఉందని నేను గట్టిగా నమ్ముతాను. యుద్ధ సమయంలో ప్రభుత్వం కొన్ని సంగతులు చెప్పకూడదు. సైన్యం ఎటు కదులుతోంది, ఏ ఓడ ఎక్కడుంది, ఇవి దాచాల్సిందే. కానీ దాచడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. ఓడిపోయామని చెప్పిన ప్రభుత్వం మర్నాడు గెలిచామంటే జనం నమ్ముతారు. ఓడినప్పుడు కూడా గెలిచామన్న ప్రభుత్వం నిజంగా గెలిచినా నమ్మరు. ఆపదలో ముందు ఎవరిని కాపాడారన్నది జనం తరాల తరబడి గుర్తుంచుకుంటారు. రేవు కూలీని, వంటమనిషిని, వీధి ఊడ్చేవాణ్ణి చివరి ఓడ దాకా ఆపిన రాజ్యం ఆ ఓడతోనే తన పరువు కూడా పంపించేసుకుంటుంది.

మన వంతు కూడా ఉంది. 1942లో వదంతులు పాకాయంటే నిజం చెప్పే గొంతు లేక పాకాయి. ఇవాళ ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. సరిహద్దులో ఉద్రిక్తత వస్తే గంటలో వంద వీడియోలు వస్తాయి. వాటిలో పాతవెన్నో, కల్పించినవెన్నో. వచ్చిన దాన్ని వచ్చినట్టు పక్కవాడికి పంపేముందు ఇది ఎవరు చెప్పారు, ఎప్పటిది, ఎలా తెలిసింది అని అడగడం మన బాధ్యత. అలాగే అధికారంలో ఉన్నవాళ్ళను నిజం చెప్పమని అడగడం దేశద్రోహం కాదు. అది దేశాన్ని నిలబెట్టే పని. జనం నమ్మకం ఏ సైన్యానికైనా మొదటి ఆయుధం. దాన్ని సంపాదించుకోవడానికి ఏళ్ళు పడుతుంది, పోగొట్టుకోవడానికి ఒక వేసవి చాలు. అలాంటి వేసవి ఏ దేశానికీ రాకూడదు. రాకుండా చూసుకోవలసింది పాలించేవాళ్ళూ, వాళ్ళను ఎన్నుకునే మనమూ.